తుక్కు ధరకు కొన్న ఫియట్

ప్రశ్న: పాలకొల్లు దగ్గర నాకు మెకానిక్ షెడ్డు ఉంది. మూలపడిన పాత కార్లు కొని, బాగుచేసి అమ్ముతుంటాను. కిందటేడు ఒక పెద్దావిడ ఇంట్లో 1960ల నాటి ఫియట్ 1100 కనబడితే, తుక్కు ధర మీద కొంత కలిపి ఇచ్చి తెచ్చుకున్నాను. బాగుచేశాక హైదరాబాదులో పాతకార్లు సేకరించే ఒకాయనకు అంతకు ఎన్నో రెట్లకు అమ్మాను. ఇప్పుడు ఆవిడ కొడుకు వచ్చి మోసం చేశావంటున్నాడు. నాది తప్పా?
– ఒక పాఠకుడు

జవాబు: లాభం తీసుకోవడం తప్పు కాదు. ఉప్పుగాలి తగిలే మన ప్రాంతంలో ఇలాంటి కారు మ్యాట్ ఎత్తి స్క్రూడ్రైవరుతో పొడిస్తే ఫ్లోరు రేకు పొరలుగా ఊడి వస్తుంది. దాన్ని కోయించి కొత్త రేకు వెల్డింగు చేయించడం, దొరకని సామాను కోసం ఊళ్ళు తిరగడం, అమ్ముడుపోయేదాకా డబ్బు ఇరికించుకోవడం మీ కష్టమే. ఏళ్ళ తరబడి మూలన వదిలేసిన బండి మీద, ధర తెలిశాక ఆ కొడుక్కి మమకారం పుట్టుకురావడం కూడా అంత ముచ్చటైన సంగతి కాదు.

అయితే బేరంలో మీరు ఏమన్నారో ఉత్తరంలో రాయలేదు. అసలు విషయం అక్కడే ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను ప్రకారం వట్టి మౌనం సాధారణంగా మోసం కాదు కానీ, నిజం కాదని తెలిసీ నిజమని చెప్పి ఒప్పించడం మోసమే. ‘ఎంత పలుకుతుంది బాబూ’ అని ఆవిడ మిమ్మల్నే అడిగితే, ‘ఇనుము కింద పోతుందమ్మా’ అని మీరు చెప్పి ఉంటే, ఖర్చులూ న్యాయమైన లాభమూ మినహాయించుకుని మిగిలినదాంట్లో ఆవిడకు చెప్పుకోదగ్గ భాగం ఇవ్వాలి. ఆవిడ అడగక, మీరు చెప్పక బేరం కుదిరి ఉంటే అప్పుపడ్డారనను. ఇకముందు మాత్రం ‘బాగుచేస్తే మంచి ధర వస్తుంది, నాకింత ఖర్చవుతుంది’ అని ముందే చెప్పి కొనండి. బేరాలు కొన్ని తప్పిపోతాయి, పోనివ్వండి.

కొన్నాయన పట్ల కూడా మీకు బాధ్యత ఉంది. 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ (అపురూపమైన పాత బండి) నమోదు దొరుకుతుంది. సేకరించేవారు డబ్బు పోసేది ఆ అసలుతనానికే. ఈ ఫియట్‌కే తర్వాతి కాలపు రూపమైన పద్మిని కారు ఇంజను గానీ తలుపులు గానీ వేసి ఉంటే ఆ మాట రాతలో ఇవ్వాలి.

మరొకటి. ఆర్సీ ఆవిడ భర్త పేరున ఉండి, ఆయన కాలం చేసి ఉంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేనప్పుడు, ఆ బండిలో కొడుకుకూ కూతుళ్ళకూ వాటా ఉంటుంది. ముందు వారసుల పేరున మార్పించి, అందరి సంతకాలతో కొన్నారా? లేకపోతే ఆ అబ్బాయి లాభం గురించి కాదు, అమ్మకం గురించే అడగవచ్చు. అతనితో మాట్లాడేముందు ఆ కాగితాలు బయటికి తీసి చూసుకోండి.