డాక్టర్ సలహా: నానమ్మ పడ్డ కష్టం మనవరాలి నిద్ర చెడగొడుతుందా?

ప్రశ్న: మాది తెనాలి. న్యూజెర్సీలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. నాతో పనిచేసే స్నేహితురాలి గురించి, ఆమెకు చెప్పే రాస్తున్నాను. ఆమెకు 28 ఏళ్లు. పుట్టి పెరిగింది ఇక్కడ ప్యాటర్సన్‌లోనే. వాళ్లది పాలస్తీనా కుటుంబం. నానమ్మ ఆరేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, 1948లో, ఇప్పుడు ఇజ్రాయెల్‌లో ఉన్న లిద్ద్ పట్టణం నుంచి ఇంటిల్లిపాదినీ వెళ్లగొట్టారట. తల్లి పుట్టిల్లు గాజాలోని ఖాన్ యూనిస్. 2023 డిసెంబరులో మేనమామ, ఆయన ఇద్దరు పిల్లలు బాంబు దాడిలో చనిపోయారు. అప్పటి నుంచి ఈమెకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ, గుండె దడ, కడుపునొప్పి. ఫోన్ చేతిలోంచి దించదు. కారు డిక్కీలో ఎప్పుడూ నీళ్ల సీసాల కేసు ఉంటుంది. వాళ్ల నానమ్మ మంచం కింద కూడా అలాగే ఉంటాయి. ఇప్పుడు సియాటెల్‌లో మంచి ఉద్యోగం వచ్చింది. ఇంట్లో మాత్రం "ఒకసారి అన్నీ పోగొట్టుకున్నాం, నువ్వూ వదిలేసి పోతావా" అంటున్నారు. వాళ్ల ఊరి కుటుంబంలోనే సంబంధం చూసి, ఈ వేసవిలో నిశ్చితార్థం అంటున్నారు. ఇలాంటి బాధ జీన్స్‌లో వస్తుందని చదివి "నేను పిల్లల్ని కనకపోతేనే మంచిదేమో" అంటోంది. ఇది నిజంగా వంశపారంపర్యంగా వచ్చే జబ్బా? నేనేం చేయగలను?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: పిల్లల సంగతి ముందు తేల్చేద్దాం. ఈ కారణంతో ఆమె పిల్లల్ని వద్దనుకోనక్కర్లేదు.

ఆమె చదివింది బహుశా న్యూయార్క్‌లో రేచెల్ యెహూడా బృందం చేసిన పరిశోధన గురించి అయ్యుంటుంది. హోలోకాస్ట్ (హిట్లర్ కాలంలో నాజీలు యూదులపై జరిపిన ఊచకోత) నుంచి బతికి బయటపడిన 32 మంది యూదులనూ, అలాంటివాళ్ల పిల్లల్లో 22 మందినీ పరీక్షించారు. ఒత్తిడి హార్మోన్లతో ముడిపడిన ఎఫ్‌కేబీపీ5 అనే జన్యువు మీద ఉండే రసాయన గుర్తుల్లో తేడా కనబడిందని 2016లో ప్రచురించారు. జన్యువు చెడిపోయిందని కాదు, దాని పనిని పెంచే, తగ్గించే గుర్తులు కొంచెం అటూ ఇటూ అయ్యాయని. పత్రికలకు అదే "డీఎన్ఏలో దిగిన దుఃఖం" అయిపోయింది. ఇరవై రెండు మంది రక్తం చూసి ఇంకా పుట్టని బిడ్డ జాతకం చెప్పలేం. ఆ తేడా కడుపులో వచ్చిందా, పెంపకంలో వచ్చిందా అన్నది కూడా ఆ పరిశోధన విడదీసి చెప్పలేదు. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చినప్పుడు తల్లి కడుపులో ఉన్నవాళ్లకు పెద్దయ్యాక షుగర్ లాంటివి ఎక్కువగా వచ్చాయన్నది మాత్రం గట్టి ఆధారాలున్న విషయం. కానీ అది గర్భంలో ఆకలి తగిలిన బిడ్డల సంగతి. నానమ్మ చిన్నప్పుడు పడ్డ కష్టం మనవరాలి బిడ్డకు రక్తంలో అందుతుందనడానికి అది రుజువు కాదు.

తరాల మీదుగా వచ్చే బాధ గురించి మా వైద్యులకు తెలిసినదంతా చాలావరకు హోలోకాస్ట్ బాధితుల పిల్లల దగ్గర నేర్చుకున్నదే. 1966లోనే మాంట్రియల్‌లో రాకాఫ్ అనే మానసిక వైద్యుడు, నాజీ శిబిరాల మొహం చూడని పిల్లలు తల్లిదండ్రులకన్నా ఎక్కువ కుంగిపోయి తన దగ్గరకు వస్తున్నారని రాశాడు. మీ స్నేహితురాలికి ఈ పోలిక చేదుగా తగలొచ్చు. తగిలితే తప్పు లేదు, ఆ మాట థెరపిస్టు ముందు కూడా అనొచ్చు. అయితే ఆ ఇళ్లలో గమనించింది ఈమెకు పనికొస్తుంది. కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లు నోరు విప్పరు, కొన్ని ఇళ్లలో అన్నం తినేప్పుడు కూడా అదే మాట. రెండు చోట్లా పిల్ల నేర్చుకునేది ఒకటే: నేను నవ్వితే వీళ్లకు ద్రోహం చేసినట్టు, నేను గెలిస్తేనే వీళ్ల నష్టం తీరినట్టు.

నీళ్ల సీసాల సంగతి చూడండి. 1948 జులైలో లిద్ద్, రమ్లే పట్టణాల నుంచి యాభై వేలకు పైగా జనాన్ని వెళ్లగొట్టారు. మండే ఎండలో చాలామంది కొండదారిన రమల్లా వైపు నడిచారు. ఆ దారిలో దాహంతో చనిపోయినవాళ్లున్నారు. అది కళ్లారా చూసిన ఆరేళ్ల పిల్ల పెద్దదై, అమెరికాలో కుళాయి తిప్పితే నీళ్లొచ్చే ఇంట్లో కూడా మంచం కింద సీసాలు పెట్టుకుంటుంది. మనవరాలు వాటిని చూస్తూ పెరుగుతుంది. "నీళ్లున్నాయా" అని గడప దగ్గర రోజూ అడిగించుకుంటుంది. వారసత్వం అంటే ఇక్కడ ఇదే. ఇది జబ్బు కాదు. ఆ సీసాలు తీసేయమని నేను చెప్పను. కేసు లేకుండా పక్క వీధికి కూడా కారు తీయలేని స్థితి ఉంటే మాత్రం ఆ మాట డాక్టరుకు చెప్పాలి.

అసలు చూడాల్సిన సంగతి వేరే ఉంది. మీ ఉత్తరమంతా పాత బాధ చుట్టూ తిరిగింది గానీ, ఆమె నిద్ర పోయింది 1948 వల్ల కాదు, 2023 డిసెంబరులో మేనమామ పోయినందువల్ల. ఖాన్ యూనిస్‌లో తల్లి తరఫువాళ్లు ఇంకా ఉండి ఉంటే ఆ భయం ఇవాళ్టిది కూడా. పాలస్తీనా ఆరోగ్య శాఖలో మానసిక ఆరోగ్య విభాగానికి అధిపతిగా పనిచేసిన డాక్టర్ సమాహ్ జబ్ర్ చాలాకాలంగా చెబుతున్నది ఇదే: పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత వచ్చే మానసిక సమస్య) అన్న పేరు దెబ్బ తగలడం అయిపోయినవాళ్లకు సరిపోతుంది, ఇంకా తగులుతూనే ఉన్నవాళ్లకు కాదు. నా ఉద్దేశమూ అదే. ఎవరైనా డాక్టరు "గతాన్ని వదిలేయండి" అంటే ఆ డాక్టరుకు కేసు అర్థం కాలేదని లెక్క.

రోగనిర్ధారణ కాగితం అవసరమైతే ఒక చిక్కుంది. అమెరికాలో మానసిక జబ్బుల నిర్ధారణకు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకం ప్రకారం ఫోన్లో, టీవీలో చూసిన దృశ్యాల వల్ల మాత్రమే పీటీఎస్‌డీ అని రాయరు (ఉద్యోగరీత్యా చూడాల్సి వచ్చినవాళ్లకు మినహాయింపు). దగ్గరి బంధువు హింసలో చనిపోయారని తెలియడం మాత్రం లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఆమె "వార్తలు చూస్తే నిద్ర పట్టడం లేదు" అని మొదలుపెట్టకుండా, "మా మేనమామ చనిపోయాడు" అని మొదలుపెట్టాలి. ఇన్నాళ్లయినా ఆ దుఃఖం ఏ మాత్రం కదలకపోతే, దీర్ఘకాలిక శోకం అన్న మరో నిర్ధారణ కూడా ఇప్పుడు ఉంది. దాని చికిత్స తీరు వేరు.

ఒంటి సంగతి కూడా చూడాలి. దడకు, నిద్రలేమికి అన్నీ మనసు మీదకే నెట్టేయకూడదు. టీఎస్‌హెచ్, (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూపే పరీక్ష), ఒక ఈసీజీ చేయించండి. వాళ్లిళ్లలో ఏలకులేసి కాచే కాఫీ చిక్కగా ఉంటుంది. ఎవరు వచ్చినా, ఎవరు పోయినా కప్పు చేతికొస్తుంది. మధ్యాహ్నం దాటాక వద్దని చెప్పండి. కడుపునొప్పికి వాళ్ల అమ్మ మరమియ్య (సేజ్) ఆకు కాచి ఇస్తుంటే మామూలుగా తాగినంతలో ఇబ్బంది లేదు. బరువు తగ్గినా, మలం నల్లగా వచ్చినా వెంటనే గ్యాస్ట్రో డాక్టరుకు చూపించాలి.

ఇద్దరూ ఫార్మసీలోనే ఉన్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను: అల్‌ప్రజోలం అనే ఆందోళన తగ్గించే మాత్ర జోలికి పోవద్దు. ఇలాంటి కేసుల్లో అది తాత్కాలికంగా మత్తునిచ్చి, తర్వాత కోలుకోవడాన్ని కష్టం చేస్తుంది. మందు అవసరమైతే సెర్ట్రలీన్ లాంటి కుంగుబాటు మందులు సైకియాట్రిస్టు రాస్తారు. నిద్రకు సీబీటీ-ఐ అనే, నిద్ర అలవాట్లను, ఆలోచనలను మార్చే పద్ధతి మాత్రలకన్నా ఎక్కువకాలం నిలుస్తుంది. దెబ్బతిన్న జ్ఞాపకాలకు ఈఎండీఆర్ (జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే థెరపీ) లాంటివి ఉన్నాయి. థెరపిస్టుకు మొదటిసారి ఫోన్ చేసినప్పుడే "గాజా గురించి మాట్లాడితే మీకు ఇబ్బందా?" అని సూటిగా అడగమనండి. జవాబు నసిగితే ఇంకొకరిని చూసుకోవడమే. "నేనూ వాళ్లతోపాటే పోయుంటే బాగుండేది" లాంటి మాట ఆమె నోట వస్తే, చచ్చిపోవాలనిపిస్తోందా అని మీరే విడమరచి అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే అమెరికాలో ఆత్మహత్యల నివారణ నంబరు 988కి అప్పుడే ఫోన్ చేయాలి. ఇది మన దేశంలో చదువుతున్నవాళ్లకు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ నంబరు 14416.

ఫోన్ చూడొద్దని మాత్రం అనకండి. అవతల బతికున్నవాళ్ల క్షేమం తెలిసేది ఆ ఫోన్లోనే. రాత్రి పదింటి తర్వాత ఫోన్ హాల్లో పెట్టి, కబురు తెచ్చే ఒక్క కజిన్ నంబరుకు మాత్రం రింగ్ మోగేలా సెట్టింగ్ పెట్టుకోమనండి. మంచంలో వీడియోలు ఆగితే చాలు.

ఇక సియాటెల్. నిశ్చితార్థం, ఉద్యోగం రెండూ ఒకే రోజు, ఒకే సోఫాలో మాట్లాడకూడదు. అప్పుడు రెండూ కలిసి "నువ్వు మమ్మల్ని వదిలేస్తున్నావు" అన్న ఒక్క వాక్యం అయిపోతాయి. ఆ తల్లి సంగతి ఆలోచించండి. తోడబుట్టినవాడు పోయాడు, కడసారి చూపు కూడా దక్కలేదు. ఆ ఇంట్లో ముందు డాక్టరు దగ్గరకు వెళ్లాల్సింది ఆవిడే అని నాకనిపిస్తోంది. కూతురు సూట్‌కేస్ సర్దుతుంటే ఆవిడకు కనబడేది ఉద్యోగం కాదు. కాబట్టి "నాకు ఇరవై ఎనిమిదేళ్లు, నా ఇష్టం" అన్న వాదన అక్కడ పనిచేయదు. లిద్ద్ నుంచి వెళ్లినవాళ్లను తిరిగి రానివ్వలేదు. సియాటెల్ నుంచి ఆరు గంటల లోపు విమానం. ఇది మాటలతో ఒప్పించేది కాదు. వెళ్లే టికెట్‌తోపాటు ఈద్‌కి తిరిగొచ్చే టికెట్ కూడా ఇప్పుడే కొని, తేదీ తల్లికి చెప్పమనండి. ఆ తేదీకి రావాలి కూడా. పెళ్లి మాట ఆ తర్వాత, తండ్రితో కాకుండా ముందు మేనత్తతోనో, ఆయన మాట వినే మరొకరితోనో ఎత్తడం మంచిది. ఆ అబ్బాయి నచ్చలేదా, ఈ తొందర నచ్చలేదా అన్నది ఆమె ముందు తనకు తాను తేల్చుకోవాలి. మీ ఉత్తరంలో అది లేదు.

మీరేం చేయగలరని అడిగారు. "మా ఇంట్లోనూ ఇంతే, పెళ్లెప్పుడని చంపేస్తారు" అని మాత్రం అనకండి. మనసు తేలిక చేద్దామనే అంటాం గానీ, తెనాలిలో అడిగే ప్రశ్నకూ ఆ ఇంట్లో అడిగే ప్రశ్నకూ వెనకున్న భయం ఒకటి కాదు. గాజా గురించి మీకు వివరించే పని ఆమెకు పెట్టకండి. మధ్యాహ్నం బ్రేక్‌లో ఆమె అన్నం తిన్నదో లేదో చూడండి. మొదటి అపాయింట్‌మెంట్‌కు తోడుగా వెళ్లి బయట కూర్చోండి. లోపల ఏం మాట్లాడారో ఆమె చెబితే వినండి, చెప్పకపోతే అడగొద్దు.

– కన్సల్టెంట్ సైకియాట్రిస్ట్