పేరును నమ్మి వాక్యం రాయకు

అమ్మాయీ,

కరీబియన్ సముద్రంలో ఫ్రాన్సుకు చెందిన గ్వాడలూప్ దీవులకు వెళ్లకముందే యాత్రా వ్యాసం మొదలుపెట్టావు. మొదటి పేరాలోనే ‘బాస్-తేర్ అనే పల్లపు దీవి’ అని రాశావు. ఫ్రెంచి మాటకు అర్థం అదే, కాదనను. కానీ లా సూఫ్రియేర్ అగ్నిపర్వతం ఉన్నది ఆ దీవి మీదే. ఎత్తు 1,467 మీటర్లు. చిన్న యాంటిలీస్ దీవుల్లో అంతకు మించిన శిఖరం లేదు. ‘బాస్’ అన్నది ఓడవాళ్ల మాట, గాలికి చాటుగా ఉండే వైపు అని. పక్కనున్న గ్రాంద్-తేర్ పేరుకు ‘పెద్ద నేల’, విస్తీర్ణంలో బాస్-తేర్ కంటే చిన్నది, సున్నపురాతి మీద పరుచుకున్న దీవి. రెంటినీ విడదీసే రివియేర్ సాలే, అంటే ఉప్పు నది, నది కానే కాదు, సన్నటి సముద్రపు పాయ. అక్కడ ప్రతి పేరునూ ఒకసారి తట్టి చూశాకే కాగితం మీద పెట్టు.

వీసాలోనూ ఇదే చిక్కు. 1946 నుంచి గ్వాడలూప్ ఫ్రాన్సులో ఒక జిల్లా, యూరోలే నడుస్తాయి. అయినా అది షెంజెన్, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే ఐరోపా దేశాల కూటమి, పరిధిలో లేదు. ఉత్త షెంజెన్ వీసాతో సాధారణంగా అక్కడ దిగనివ్వరు. దరఖాస్తులోనే ఫ్రాన్సు సముద్రాంతర జిల్లాలకు వెళ్తున్నానని రాయాలి, స్టిక్కర్ చేతికొచ్చాక ఆ మాట ఉందో లేదో చూసుకోవాలి. పారిస్‌లో ఒక విమానాశ్రయం నుంచి మరోదానికి మారాల్సి వస్తే షెంజెన్ వీసా కూడా కావాలి. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ప్రవేశిస్తావు కాబట్టి ఒక్క ప్రవేశానికి ఇచ్చింది చాలదు.

ఎప్పుడు వెళ్లాలంటే, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య. ఆ పొడి కాలాన్ని ‘కరేమ్’ అంటారు. అది క్రైస్తవుల ఉపవాస దినాల పేరు. వానల కాలం ‘ఇవెర్నాజ్’. నిఘంటువు చూసి ‘శీతాకాలం’ అని అనువదించావో, నవ్వులపాలవుతావు. ఉక్కపోత, వానలు, జూన్ నుంచి నవంబరు దాకా తుపాను భయం, అదీ ఇవెర్నాజ్. తూర్పు తీరాన గది తీసుకునే ముందు సర్గాసమ్ సంగతి అడుగు. ఆ గోధుమరంగు సముద్రపు నాచు ఒడ్డున కుళ్లితే కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్, తలనొప్పి తెప్పిస్తుంది.

బస ఒకేచోట పెట్టకు. సగం రోజులు గ్రాంద్-తేర్‌లో, సగం బాస్-తేర్‌లో ఉండు. పొద్దున, సాయంత్రం రెండు దీవులనూ కలిపే వంతెనల దగ్గర వాహనాలు కదలవు. బస్సులు చీకటి పడ్డాక దొరకవు, ఆదివారం బహు తక్కువ. కారు అద్దెకు తీసుకుంటే కుడివైపు నడపాలని గుర్తుంచుకో. లే సాంత్ దీవులకు త్రోవా-రివియేర్ నుంచి పడవ అరగంట లోపే. మరీ-గలాంత్ దీవికి ప్వాంత్-అ-పీత్ర్ రేవు నుంచి దాదాపు గంట. వ్యాపార పవనాలు గట్టిగా వీచే రోజుల్లో పడవ బాగా ఊగుతుంది. వెనక వరుసలో కూర్చో, కడుపు నిండా తినకు.

సూఫ్రియేర్ ఎక్కడానికి బాఁ-జోన్ అనే చోటు నుంచి తెల్లవారకముందే బయల్దేరు. పైకి సుమారు రెండు గంటలు. ఆలస్యమైతే మబ్బు కమ్మి ఏమీ కనబడదు. శిఖరం దగ్గర ఆమ్లవాయువులు వస్తాయి, కొంత మేర మూసే ఉంచారు. తాడు దాటి ఫొటో తీయకు. 1976లో ఆ అగ్నిపర్వతం రేగినప్పుడు 70 వేలమందికి పైగా ఊళ్లు ఖాళీ చేశారు. ఒక్కరూ చనిపోలేదు. అప్పుడు లావా పారిందని మాత్రం రాయొద్దు. వెలువడింది ఆవిరి, బూడిద, రాళ్లు.

సముద్రపు ఒడ్డున మొదలుకు ఎర్ర గీత గీసిన చెట్టు కనబడితే దూరంగా ఉండు. అది మాన్సెనియే. చిన్న ఆపిల్ లాంటి కాయ, తీయటి వాసన, విషం. వానలో దాని కింద నిలబడితే ఆకుల మీంచి కారే నీళ్లకే ఒళ్లు బొబ్బలెక్కుతుంది.

ఇక తిండి. ‘కొలొంబో’ అని వినగానే శ్రీలంకను వాక్యంలోకి లాగకు. తమిళ ‘కుళంబు’ నుంచి వచ్చిందంటారు. ధనియాలు, జీలకర్ర, పసుపు, మెంతులు, ఆవాలు కలిపిన పొడి అది. మిరపకాయ సాధారణంగా అందులో కలపరు, పక్కన విడిగా పెడతారు. అందుకే మనవాళ్లకు మొదటి ముద్ద చప్పగా తోస్తుంది.

ఆ పొడి వెనకున్న మనుషుల గురించి రాసేటప్పుడు మరీ జాగ్రత్త. భారతీయ కూలీల మొదటి ఓడ ‘ఒరెలీ’ 1854 డిసెంబరు 24న చేరింది. 1889 దాకా సుమారు 42 వేలమందిని తీసుకెళ్లారు. బానిసత్వం 1848లో రద్దయ్యాక చెరకు తోటలకు చేతులు కావాల్సి వచ్చింది, కారణం అదే. వాళ్ల సంతానానికి పౌరహక్కుల కోసం ఆన్రీ సిదంబరోం ఏళ్ల తరబడి న్యాయపోరాటం చేశాడు. ఆ ఇంటిపేరు చూడు, చిదంబరం ఎలా మారిందో! యానాం ఫ్రెంచివాళ్ల కింద ఉండేది కదా అని కనిపించిన ప్రతివాణ్ణీ తెలుగువాణ్ణి చేయకు. తమిళ ఛాయలే ఎక్కువ వినిపిస్తాయి. కపెస్తేర్-బెల్-ఓ దగ్గర షాంజీ గుడికి వెళ్లినప్పుడు, వాళ్లు తమను తాము ఏమని చెప్పుకుంటారో అదే రాయి. తలకు చుట్టుకునే ‘మద్రాస్’ గళ్ల బట్టకూ ఇదే వర్తిస్తుంది. చీరాల, పేరాల మగ్గాల మీద అలాంటి రుమాళ్లు ఎగుమతికి నేసిన మాట నిజమే. నువ్వు కొన్న ముక్క ఎక్కడ నేసిందో అడగకుండా ఆ రెంటికీ ముడిపెట్టకు.

అరటి తోటలు చూసి పచ్చదనం గురించి కవిత్వం వస్తుంది, రానీ. క్లోర్డెకోన్ అనే పురుగుమందును 1993 దాకా వాటిలో వాడారు. అది ఇంకా ఆ మట్టిలోనే ఉంది. దుంపకూరలు ఏ నేలలో పండాయో అక్కడివాళ్లు అడిగి కొంటారు. ఈ మాటలు నీ పచ్చదనం పక్కనే ఉండాలి, చివరి పేజీలో కాదు.

దుకాణంలోకి అడుగు పెట్టగానే ముందు ‘బోఁజూర్’ అను, తర్వాతే ధర అడుగు. లేకపోతే జవాబులు పొడిపొడిగా వస్తాయి, నీ పుస్తకంలోకి ఒక్క ముక్కా ఎక్కదు. ఆదివారం మధ్యాహ్నానికి చాలా దుకాణాలు మూసేస్తారు. నీళ్లు, రొట్టె శనివారమే కొనిపెట్టుకో.