వైజాగ్‌లో వీగన్‌గా బతకడం: చేప మానడం తేలికే, పెరుగుతోనే పేచీ

"విశాఖలో ఉద్యోగం చేస్తున్నాను, ఇంట్లో అందరూ చేపలు తింటారు. నాకు పూర్తిగా వీగన్‌గా మారాలని ఉంది. నీరసపడిపోతావని అమ్మ భయపెడుతోంది. నిజంగా అంత కష్టమా? మారితే ఒరిగేదేమైనా ఉందా?" అని మీరు అడిగారు.

నేను ఎంవీపీ కాలనీలో అత్తగారు, భర్త, కూతురితో ఉంటాను. కరోనా సద్దుమణిగాక వచ్చిన ఒక కార్తీకమాసం నుంచి చేపలు, మాంసం, గుడ్లు మానేశాను, ఆ తర్వాత పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా. జంతువుల నుంచి వచ్చేదేదీ తినకపోవడమే వీగన్ అంటే. ఇంట్లో మిగతావాళ్లు అన్నీ తింటారు, వండేది నేనే. కాబట్టి మీ ఇబ్బంది ఎక్కడుంటుందో నాకు కొంత తెలుసు. కొత్త తిండికి మన నాలుక తొందరగానే అలవాటు పడుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు అలవాటు పడటానికే టైమ్ పడుతుంది.

మన ఊళ్లో మాంసం మానేయడం ఎవరికీ వింత కాదు. కార్తీకంలో సగం వీధి మానేస్తుంది. శనివారం ముట్టనివాళ్లు, సింహాచలం అప్పన్నకు మొక్కుకుని మానేసినవాళ్లు ఎవరింట్లో చూసినా ఒకరుంటారు. నేను కార్తీకంలోనే మొదలుపెట్టింది అందుకే. ఆ నెలంతా అత్తయ్య మురిసిపోయారు. మాసం వెళ్లాక కూడా నేను చేపల జోలికి పోకపోతే భక్తి పెరిగిందనుకున్నారు. తర్వాత ఓ రోజు భోజనంలో పెరుగు గిన్నె నా వైపు జరిపితే వద్దన్నాను. "ఏటమ్మా, పెరుగు కూడానా? పెరుగు లేకుండా అన్నం తిన్నట్టేటి?" అన్నారు. చేప మానితే బెంగపడని మనిషి, పెరుగు మానితే నన్ను డాక్టరుకి చూపించమని మా ఆయనకి చెప్పారు. మీ ఇంట్లోనూ ఇలాగే జరగొచ్చు, సిద్ధంగా ఉండండి.

పాలు ఎందుకు మానానో కూడా చెప్పేస్తాను. చోడవరం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో గేదెలుండేవి. పెయ్యదూడ పుడితే ఇంట్లో సంబరం. మగదూడ పుడితే ఎవరూ మాట్లాడేవారు కాదు. ట్రాక్టర్లు వచ్చాక దున్నపోతుతో పని లేదు, దానికి వదిలే పాలు నష్టం కింద లెక్క. పాలు కావాలంటే గేదె ఈనాలి, ఈనితే సగం మగవే పుడతాయి. ఆ దూడలు బక్కచిక్కిపోవడం చూసిన కళ్లకి ఈ లెక్క నచ్చలేదు, అంతే. దీన్ని నేను ఎవరి దగ్గరా ప్రచారం చేయను. చేస్తే భోజనాల దగ్గర ఎవరూ పక్కన కూర్చోరు.

పెరుగుకి బదులు ఏదో ఒకటి లేకపోతే తెలుగువాళ్లు వీగన్‌గా ఎక్కువ రోజులు నిలబడరని నా నమ్మకం. నేను వేరుశెనగ పెరుగు మీద నిలబడ్డాను. ఒక కప్పు వేరుశెనగ గుళ్లు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మూడు కప్పుల నీళ్లతో మెత్తగా రుబ్బి పల్చటి గుడ్డలో వడకట్టాలి. ఆ పాలని అడుగంటకుండా కలుపుతూ కాచి, పొంగు వచ్చాక ఇంకో ఐదు నిమిషాలు ఉంచి దించాలి. గోరువెచ్చగా అయ్యాక నాలుగైదు పచ్చిమిరపకాయల తొడిమలు వేసి మూత పెట్టాలి. మొదటి విడత పల్చగా, కాస్త అదోలాంటి వాసనతో తోడుకుంటుంది. అందులోంచి చెంచాడు తీసి రెండో విడతకి తోడు వేస్తే గట్టిపడుతుంది. మన ఊరి ఉక్కకి ఎండాకాలంలో ఐదారు గంటల్లో తోడుకుంటుంది, ఇంకో రెండు గంటలు బయట వదిలేస్తే పులిసిపోతుంది. డిసెంబర్లో రాత్రంతా కావాలి. గుడ్డలో మిగిలిన పిప్పిని పెసరట్టు పిండిలో కలిపేస్తాను.

అచ్చం గేదె పెరుగులా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి, పల్లీ వాసన తెలుస్తూనే ఉంటుంది. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువతో పోపు పెడితే ఆ వాసన అణుగుతుంది. మజ్జిగ పులుసుకైతే తేడా కనిపెట్టడం కష్టం. పలాస జీడిపప్పుతో ఇంకా కమ్మగా వస్తుంది కానీ రోజూ అంటే జేబు ఊరుకోదు, చుట్టాలొచ్చినప్పుడు జీడిపప్పు ముక్కలు కొని చేస్తాను. అన్నట్టు, నంచుకునే చల్ల మిరపకాయలు మజ్జిగలో ఊరేసి ఎండబెట్టినవే, అవి కూడా మానాలి. నాకు పాల కంటే వాటి మీదే బెంగ.

నెయ్యికి బదులు కొత్తగా ఏమీ వెతకలేదు. మనకి పప్పునూనె ఉండనే ఉంది. గానుగ నువ్వుల నూనె వేడి వేడి ముద్దపప్పులో, ఆవకాయ అన్నంలో వేసుకుంటే నెయ్యి గుర్తుకు రాదు. కాఫీ దగ్గర మాత్రం తిప్పలు పడ్డాను. అరకు కాఫీ డికాక్షన్‌లో సోయా పాలు పోస్తే విరిగిపోతాయి. డికాక్షన్‌లోని పులుపు, వేడి కలిసి సోయాలోని ప్రోటీన్‌ని గడ్డకట్టిస్తాయి. పాలు ముందు వేడిచేసుకుని అందులోకి డికాక్షన్ కొంచెం కొంచెంగా పోస్తే చాలావరకు విరగవు. ఓట్స్ పాలకి ఆ బెడద తక్కువ. దుకాణంలో వెతికేటప్పుడు డబ్బా మీద 'పాలు' అని కనిపించకపోతే కంగారుపడకండి. మొక్కల నుంచి తీసినవాటిని పాల పేరుతో అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పింది కాబట్టి డ్రింక్ అనో, బెవరేజ్ అనో రాస్తారు. బాదం, ఓట్స్ రకాలు మామూలు పాలకి ఎన్నో రెట్లు ధర. నేను చివరికి అనకాపల్లి బెల్లం వేసిన బ్లాక్ కాఫీలో స్థిరపడ్డాను.

ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే సరిపోతుందనుకోకండి. పాలు, తేనె ఉన్నవాటికీ ఆ చుక్కే ఉంటుంది. వీగన్ ఆహారానికి 2022లో విడిగా నిబంధనలు వచ్చాయి, దానికి 'వి' అక్షరం, చిన్న ఆకు ఉన్న ఆకుపచ్చ గుర్తు వేరే ఉంది, కానీ మన వీధి కొట్లో ఆ గుర్తున్న సరుకు అరుదు. పదార్థాల జాబితా చివర అలర్జీ హెచ్చరిక ఉంటుంది, అందులో పాల పేరు ఉందేమో చూడటం అన్నిటికన్నా త్వరగా తేలే పద్ధతి. బిస్కెట్లు, రస్కులు, మసాలా చిప్స్‌లో కూడా పాలపొడి దాక్కుని ఉంటుంది.

బయట తిండికి వైజాగ్‌లో ఇబ్బంది తక్కువ. టిఫిన్ సెంటర్లో ఇడ్లీ, పెసరట్టు చెప్పి "నెయ్యి వద్దు, నూనెతో కాల్చండి" అంటే చాలు, ఉప్మా గురించి మాత్రం ఒకసారి అడగండి. నాన్‌లో పెరుగు కలుపుతారు, రోటీ మేలు. సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్తే ముంత మసాలా, మిరపకాయ బజ్జీ, ఉడికించిన పల్లీలు, వేసవిలో తాటిముంజెలు అన్నీ మనవే. మాడుగుల హల్వా మాత్రం పోయింది. అందులో వాడేవి గోధుమ పాలే కానీ నెయ్యి లేకుండా అది హల్వా కాదు. గుళ్లో పులిహోర పెడితే పండగే. లడ్డూ చేతిలో పెడితే కళ్లకద్దుకుని పక్కనున్న పిల్లలకి ఇచ్చేస్తాను.

పెళ్లిళ్ల గురించి ఒక చిట్కా చెప్తాను, నాకు బాగా పనికొచ్చింది. "నేను వీగన్‌ని" అంటే వడ్డించేవాళ్లు, పక్కవాళ్లు, పిల్ల మేనమామ అందరూ చర్చకి దిగుతారు. కృష్ణుడు వెన్న తిన్నాడు, మొక్కలకి ప్రాణం లేదా, ఇలా సాగుతుంది. "పాలు పడవండీ" అనండి. "అయ్యో, అలాగా అమ్మా" అని ఇంకో గరిటె పప్పు వేసి వెళ్లిపోతారు. జబ్బుని మనవాళ్లు వెంటనే గౌరవిస్తారు, అభిప్రాయాన్ని గౌరవించడానికి ఆలోచిస్తారు. నా విషయంలో ఆ మాట అబద్ధమేమీ కాదు, పాలు తాగితే నాకు పొట్ట ఉబ్బరం ఉండేది.

చేపల గురించి అబద్ధం చెప్పను. నెత్తళ్లు వేపుతున్న వాసన వస్తే నాకు ఇప్పటికీ నోరూరుతుంది. కానీ మనకి చేపల పులుసులో నచ్చేది చాలావరకు చింతపండు, మెంతులు, వెల్లుల్లి, మర్నాటికి ఊరిన రుచి. అదే పులుసులో చేమదుంపలు వేయండి, లేదా అరటికాయని మందంగా కోసి కారం పట్టించి వేపి వేయండి. మా ఆయన మొదట నవ్వి, ఇప్పుడు ఆదివారం రెండు పులుసులూ వడ్డించుకుంటున్నారు. కార్తీకం దాకా ఆగలేకపోతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో ఉండే చేపల వేట నిషేధంలో మొదలుపెట్టండి. ఆ రెండు నెలలు హార్బర్‌లో మరబోట్లు కదలవు, ఇంట్లో తాజా చేప తక్కువ, మీ మీద ఒత్తిడీ తక్కువ.

ఇక మీ అమ్మగారి భయం. అది కొట్టిపారేయదగ్గది కాదు. అయితే అందరూ ప్రోటీన్ అంటారు, నేనైతే ముందు విటమిన్ బి12 అంటాను. దాన్ని తయారుచేసేవి సూక్ష్మజీవులు, మొక్కల్లో నమ్ముకోదగ్గంత దొరకదు. ఇడ్లీ పిండి పులిసింది కాబట్టి అందులో ఉంటుందని, స్పిరులినా అనే నాచు పొడిలో ఉంటుందని చెబుతుంటారు, వాటిని నమ్ముకోకండి. స్పిరులినాలో ఉండేది ఎక్కువ భాగం మన ఒంటికి పనికిరాని రూపం. రోజుకి కావలసింది 2 నుంచి 2.5 మైక్రోగ్రాములే. పైగా కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది. అందుకే మొదట్లో అందరూ హుషారుగా ఉండి మాత్ర దండగ అనుకుంటారు. అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు వచ్చేసరికి ఆలస్యం కావచ్చు, నరాలకి జరిగిన నష్టం ఒక్కోసారి పూర్తిగా నయం కాదు. నేను మారకముందే పరీక్ష చేయించుకుంటే, పాలూ చేపలూ తింటున్న రోజుల్లోనే తక్కువని వచ్చింది. డాక్టరుగారు ఏమీ ఆశ్చర్యపోలేదు, రోజూ చూసేదే అన్నారు. అప్పటినుంచి మాత్ర వేసుకుంటున్నాను. మందుల షాపులో క్యాప్సూల్ ఇస్తే దాని పైపొర తరచు జెలటిన్‌తో చేసిందే, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది. బిళ్ల అడగండి. విటమిన్ డి3 కూడా ఎక్కువగా గొర్రె ఉన్ని కొవ్వు నుంచే తీస్తారు. మొక్కల రకం దొరక్కపోతే డాక్టరు రాసిందే వేసుకోండి, ఇక్కడ పట్టుదల అనవసరం.

సముద్రపు చేప మానితే అయోడిన్ కూడా తగ్గుతుంది. అయోడిన్ ఉప్పు వాడితే చాలు, ఫ్యాషన్‌గా సైంధవ లవణానికి మారకండి. చేప కొవ్వుకి బదులుగా అవిసె గింజల కారప్పొడి రోజూ ఓ చెంచా తింటాను. భోజనం చేసిన వెంటనే టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు, ఆకుకూర మీద నిమ్మరసం పిండుకుంటే బాగా పడుతుంది.

ప్రోటీన్ లెక్క చూడండి. కిలో బరువుకి 0.83 గ్రాములు చొప్పున 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు కావాలి. 75 గ్రాముల పెసలతో పెసరట్లు వేసుకుంటే 17, 18 గ్రాములు, 50 గ్రాముల కందిపప్పుతో 11, గుప్పెడు పల్లీలతో 7, రెండు పూటలా అన్నంతో 15 దాకా వస్తాయి. మీల్ మేకర్ ఊసెత్తకుండానే సరిపోయింది. కాల్షియానికి మన చోళ్లు, అంటే రాగులు, ఉన్నాయి, 100 గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాములు. పొట్టు తీయని నువ్వుల్లో అంతకన్నా చాలా ఎక్కువ.

ఈ చోళ్ల దగ్గరే అత్తయ్య నా వైపు తిరిగారు. ఆవిడ శ్రీకాకుళం జిల్లాలో పాడి లేని ఇంట్లో పెరిగారు. పెరుగు పండక్కో చుట్టాలొస్తేనో ఉండేదట. రోజూ తిన్నది చోడి అంబలి, ఉల్లిపాయ, ఉలవ గుగ్గిళ్లు, ఆవపెట్టిన కూర, ఉంటే ఎండు చేప. ఓ రోజు అంబలి తాగుతున్న నన్ను చూసి "ఇదంతా మా చిన్నప్పటి తిండే కదమ్మా" అన్నారు. తర్వాత నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి చేసి డబ్బాలో పెట్టారు. ఇప్పుడు డబ్బా ఖాళీ అయితే నాకంటే ముందు ఆవిడకే తెలుస్తుంది. నాకు దొరికిన లాభాల్లో దీన్నే ముందు చెప్తాను.

ఒంటి విషయంలో ఉబ్బరం పోయింది. పాలలోని లాక్టోజ్‌ని అరిగించే ఎంజైమ్ పెద్దయ్యాక తగ్గిపోవడం దక్షిణాదిలో చాలామందికి ఉన్నదే. నెయ్యి, మీగడ పోయాక చెడు కొలెస్ట్రాల్ కూడా కొంత తగ్గింది. బరువు తగ్గలేదు, చర్మం మెరవలేదు. తెల్లన్నం, బజ్జీలు కూడా వీగనే కదా. ఖర్చు దాదాపు అంతే, చేపల డబ్బు పల్లీలకి, పళ్లకి వెళ్తోంది.

నా కూతురికి పాలు మాన్పించలేదు. చిన్నపిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరు సలహా లేకుండా దీని జోలికి పోకూడదు. మీరైతే ముందు బి12, విటమిన్ డి, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించి కాగితం అమ్మగారికి చూపించండి, ఆరు నెలల తర్వాత మళ్లీ చేయించి రెండూ ఆవిడ ముందు పెట్టండి. అన్నీ ఒకేసారి మానొద్దు. మొదట చేప, మాంసం, గుడ్డు. తర్వాత కాఫీలో పాలు. వేరుశెనగ పెరుగు మీ చేతికి కుదిరేదాకా ఇంట్లో పెరుగు మాట ఎత్తకండి.