లైనప్స్ ఎప్పుడు నేర్పాలి? ర్యాంక్ చూసి కాదు, ఓడిపోతున్న తీరు చూసి

మీ తమ్ముడూ అతని ఫ్రెండ్సూ వాలరెంట్ అనే టీమ్ షూటింగ్ గేమ్ కొత్తగా మొదలుపెట్టారు, లైనప్స్ (ఫలానా చోట నిలబడి ఫలానా గురితో విసిరితే దూరంగా అనుకున్న చోటే పడే విసుర్లు) లాంటి అడ్వాన్స్‌డ్ టెక్నిక్స్ ఇప్పుడే నేర్పాలా లేక ర్యాంక్ కాస్త పెరిగాకా అని అడిగారు. నేనైతే ర్యాంక్ చూడను. ఆ టెక్నిక్ రాకపోవడం వల్లే వాళ్ళు రౌండ్లు పోగొట్టుకుంటున్నారా అన్నదే చూస్తాను.

గాజువాకలో మా వీధి పిల్లలతో మొదలుపెట్టి, ఇప్పుడు మద్దిలపాలెం దగ్గర ఒక గేమింగ్ కేఫ్‌లో ఇంజినీరింగ్ జూనియర్లకు సెలవు రోజుల్లో నేర్పుతున్నాను. వచ్చే కుర్రాళ్ళలో చాలామంది యూట్యూబ్‌లో ఒక లైనప్ చూసేసి వస్తారు. దూరంగా ఒక మూల నిలబడి, ఏదో పైకప్పు అంచుకి గురిపెట్టి మాలీ (నేల మీద మంట రేపేది) విసిరితే సరిగ్గా స్పైక్ మీద, అంటే ఒక జట్టు పెట్టే, రెండో జట్టు ఆపాల్సిన బాంబు మీద పడుతుంది. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, కాదనను. కానీ అది స్పైక్ పెట్టేశాక గెలవడానికి పనికొచ్చే విద్య. కొత్తవాళ్ళ రౌండ్లు చాలావరకు స్పైక్ పెట్టకముందే అయిపోతాయి. పరిగెత్తుతూ కాలుస్తారు, గురి నేల మీద ఉంటుంది, మూల తిరగ్గానే చచ్చిపోతారు. అక్కడ లైనప్ ఏం చేస్తుంది?

అందుకే మొదట్లో నేను చెప్పేవి రెండే. ఆగి కాల్చు, గురి ఎప్పుడూ తల ఎత్తులో పెట్టుకుని నడువు. ఎందుకో కూడా చెప్తాను. వాండల్ అనే తుపాకీతో తలకి తగిలితే ఎంత దూరం నుంచైనా 160 డ్యామేజ్. ఫుల్ షీల్డ్‌తో కలిపి ఎదుటివాడికి ఉండే ప్రాణం 150. అంటే ఒక్క బుల్లెట్ చాలు. ఈ లెక్క అర్థమైన పిల్లలు నేలకేసి చూడ్డం వాళ్ళంతట వాళ్ళే మానేస్తారు.

మరి సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది? ఒక సంగతి చెప్తాను. సెకండియర్ గుంటడొకడు బ్రిమ్‌స్టోన్ అనే పాత్రతో ఆడుతూ స్పైక్ పెట్టి దూరంగా వెళ్ళిపోయాడు. అవతలివాడు స్పైక్‌ని ఆపుతున్న (డిఫ్యూజ్) సౌండ్ వినపడగానే ఉన్న ఒక్క మాలీ విసిరేశాడు. అవతలివాడు అప్పటికే చెయ్యి తీసేసి పక్కకి తప్పుకున్నాడు. మంట ఖాళీ నేల మీద ఆరిపోయింది. తర్వాత వాడు తాపీగా వచ్చి డిఫ్యూజ్ చేసుకున్నాడు. మావాడు హెడ్‌ఫోన్స్ తీసి నా వైపు తిరిగి, "అన్నా, వాడు మొదలెట్టి మధ్యలో వదిలేశాడేంటి?" అన్నాడు.

ఆ ప్రశ్న కోసమే నేను కాచుకుని కూర్చుంటాను. అప్పుడు చెప్పాను: స్పైక్ పెట్టిన 45 సెకన్లకు పేలుతుంది, డిఫ్యూజ్‌కి 7 సెకన్లు పడుతుంది. 3.5 సెకన్లు దాటితే సగం పని సేవ్ అయిపోతుంది, మళ్ళీ వచ్చినప్పుడు మిగతా సగమే చేసుకుంటాడు. అందుకే ముందు డిఫ్యూజ్ ఊరికే తట్టి వదిలేసి, నీ మాలీ బయటికి లాగుతాడు. నువ్వు మరీ తొందరపడితే మాలీ వృథా, మరీ ఆగితే సగం పని వాడిదైపోతుంది. ఆ రోజంతా మావాడికి అదే ధ్యాస. సౌండ్ వినగానే పెదాలు కదుపుతూ సెకన్లు లెక్కపెట్టడం నా పక్క సీట్లోంచే చూశాను. ఇదే ముక్క ముందు రోజు చెప్పి ఉంటే, ఒక చెవితో విని వదిలేసేవాడు.

అయితే దీనికి పెద్ద మినహాయింపు ఒకటుంది. చేతి అలవాటుకి సంబంధించినవి మాత్రం ఎంత "ప్రో" అనిపించినా మొదటి రోజే మొదలుపెట్టించాలి. ఫోన్‌లో ఆడే షూటింగ్ గేమ్ బీజీఎంఐలో రెండు బొటనవేళ్ళతోనే ఆడితే కదలడం, చూడ్డం, కాల్చడం మూడూ ఒకేసారి కుదరవు. చూపుడువేలు పైకి తెచ్చి ఫైర్ బటన్ దానికి అప్పగించాలి. కొన్ని నెలలు బొటనవేళ్ళతో ఆడి ఆ తర్వాత మార్చుకుందామంటే ఆట ఒక్కసారిగా పడిపోతుంది. చేతులు నొప్పి, ఫ్రెండ్స్ ముందు పరువు సమస్య. చాలామంది ఆ టెన్షన్ భరించలేక పాత పద్ధతికే వెళ్ళిపోతారు. అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్ళకి మొదటి రోజు నుంచే మూడు వేళ్ళు. గైరోస్కోప్ (ఫోన్ వంచి గురి కదపడం) కూడా అంతే. స్కోప్ తెరిచినప్పుడే పనిచేసేలా "స్కోప్ ఆన్"లో పెట్టి, ట్రైనింగ్ గ్రౌండ్‌లో ఎం416 తుపాకీతో గోడ మీద కాల్పిస్తాను. వాలరెంట్‌లోనైతే మౌస్ సెన్సిటివిటీ, కూర్చునే ఎత్తు ఈ కోవలోకే వస్తాయి. మీ తమ్ముడు రోజుకో సెన్సిటివిటీ మారుస్తుంటే ముందు అది ఆపించండి.

ఇంకొక్క మాట. కొందరు పిల్లలు ఆ మెరుపు చూసే గేమ్‌లోకి వస్తారు. టెక్కెన్ అనే ఫైటింగ్ గేమ్‌లో కజూయా అనే పాత్ర కొట్టే "ఎలక్ట్రిక్" దెబ్బ కావాలంటూ వచ్చాడొకడు. సెకనులో అరవయ్యో వంతు తేడా వచ్చినా అది పడదు. గార్డ్ చెయ్యడమే రాని పిల్లాడికి మ్యాచ్‌లో దానితో గెలుపు రాదు. అయినా ఎలా వెయ్యాలో చూపించాను. ప్రాక్టీస్ మోడ్‌లో గంటలు గంటలు కూర్చుని చేసుకున్నాడు. ఇష్టంతో వచ్చిన పిల్లాణ్ణి "నీకప్పుడే ఎందుకురా" అని ఆపడం నాకు అస్సలు నచ్చదు. కాకపోతే మ్యాచ్‌లో గార్డ్, పది ఫ్రేముల జాబ్ (త్వరగా తగిలే మామూలు గుద్దు) మీదే దృష్టి పెట్టమంటాను.

కాబట్టి లైనప్స్ అనేవి ఉన్నాయని మీవాళ్ళకి ఇప్పుడే చెప్పండి, దాచక్కర్లేదు. కానీ కూర్చోబెట్టి సాధన చేయించకండి. ప్రతి రౌండ్ పోయాక ఎందుకు పోయిందో వాళ్ళచేతే చెప్పించండి. "ఎదురుపడితే చంపలేకపోతున్నాం" అన్నంతకాలం గురి మీదే ఉండండి. "స్పైక్ పెట్టేశాం గానీ కాపాడుకోలేకపోయాం" అన్న మాట పదేపదే వినిపించడం మొదలయ్యాక, వాళ్ళు ఎక్కువగా ఆడే మ్యాప్‌లో ఒక సైట్‌కి (స్పైక్ పెట్టే చోటుకి) ఒకే ఒక్క లైనప్ నేర్పండి. అది మ్యాచ్‌లో పనిచేసేదాకా రెండోది వద్దు.