సంచిలో చెత్త, కక్ష్యలో తుక్కు

సందేహం: భూమి చుట్టూ తిరిగే పాత ఉపగ్రహాల ముక్కల్నీ, వ్యోమగాములు వాడి పారేసే పొట్లాలనీ పత్రికలు 'అంతరిక్ష వ్యర్థాలు' అనే రాస్తున్నాయి. రెంటికీ ఒకే మాటా? 'అంతరిక్ష చెత్త' వైరి సమాసమని మా మిత్రుడు కొట్టిపారేశాడు. ఏది వాడాలి?

సమాధానం: మీ మిత్రుడి మాట కాదనలేను. 'అంతరిక్ష' అనే సంస్కృత రూపానికి 'చెత్త' అనే తెలుగు మాటను నేరుగా అతికిస్తే అది వైరి సమాసం, పాతకాలపు పండితులు ఒప్పుకోరు. 'అంతరిక్షపు చెత్త' అనండి, గొడవ వదులుతుంది. అసలు చిక్కు అర్థంలో ఉంది.

కక్ష్యలోని ముక్కలకు 'శకలాలు' సరిపోతుంది. చెడిపోయిన ఉపగ్రహం ఇంకా ముక్కలు కాకపోతే? అప్పుడు 'తుక్కు' నాకు నచ్చుతుంది. నౌక లోపలి ఖాళీ పొట్లాలూ, పాత బట్టలూ మాత్రం చెత్తే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో దాన్ని ప్రోగ్రెస్, సిగ్నస్ వంటి సరుకుల నౌకల్లో కుక్కి పంపేస్తారు, వాతావరణంలో నౌకతో సహా కాలిపోతుంది. 2022లో సుమారు 78 కిలోల చెత్త సంచిని నేరుగా బయటికి వదిలి చూశారు. అదీ కాలిపోయింది. కాలేలోపు దాన్ని ఏమనాలంటారా? లోపలున్నంతసేపూ చెత్త, గడప దాటాక తుక్కు.

ఇక 'వ్యర్థం'. ఇందులో అర్థమంటే ప్రయోజనం, అది పోయినదే వ్యర్థం. కుజయాత్రలో ఈ మాట నిలవదు. అక్కడికి మధ్యలో సరుకుల నౌక వచ్చేదీ లేదు, చెత్త మోసుకుపోయేదీ లేదు. నలుగురు మనుషులకు ఏడాదికి దాదాపు 2,500 కిలోలు పోగవుతుందని నాసా అంచనా. అందుకే ఆ సంస్థ ఒక యంత్రాన్ని రూపొందిస్తోంది. అది చెత్తను వేడిచేసి, గట్టిగా నొక్కి, అందులోని నీటిని రాబడుతుంది. మిగిలింది పలకలవుతుంది. ప్లాస్టిక్‌లో హైడ్రోజన్ ఎక్కువ కనుక ఆ పలకలు రేడియేషన్‌కు అడ్డుగా పనికొస్తాయని ఆశ. గోడకు కవచమయ్యేదాన్ని వ్యర్థమని ఎలా అంటాం?

మూత్రం, చెమట దగ్గర 'చెత్త' కూడా కుదరదు, ద్రవాలను చెత్త అనం. వాటిలోంచి, ఊపిరి తేమలోంచి 98 శాతం నీటిని తిరిగి పట్టవచ్చని 2023లో ఆ అంతరిక్ష కేంద్రంలోనే తేలింది. రేపు తాగబోయే నీరది, 'వాడిన నీరు' అంటే చాలు.

అడగలేదు గానీ, 'వ్యర్థాల నిర్వహణ' కూడా నాకు ఎబ్బెట్టుగానే ఉంటుంది. సభల్ని నిర్వహిస్తాం, చెత్తనేం నిర్వహిస్తాం? 'వదిలించుకోవడం' అందామంటే కుజుడి దారిలో ఆ వీలు తక్కువ. 'చెత్తను మళ్లీ వాడుకోవడం' అని రాయండి, జరిగే పని అదే.