.44 మాగ్నమ్ కిక్‌ని ఎలా తట్టుకోవాలి?

బెంగళూరులో ఏడాదిగా ఎయిర్ పిస్టల్ ఒక్కటే కాలుస్తున్నాననీ, వచ్చే నెల టెక్సస్‌లో బావగారి .44 మాగ్నమ్ (పెద్ద, శక్తిమంతమైన తూటా కాల్చే) రివాల్వర్ పట్టుకోబోతున్నాననీ, దాని కిక్‌ని, అంటే కాల్చగానే అది వెనక్కి తన్నే దెబ్బని, ఎలా తట్టుకోవాలనీ రాశారు. నేనూ ఆ దారిలోనే వెళ్లాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఇక్కడి షూటింగ్ రేంజ్‌లో నేను మూడేళ్లు .22, ఆ తర్వాత .32 సెంటర్ ఫైర్ పిస్టల్ కాల్చాను (ఈ అంకెలు సుమారుగా తూటా వెడల్పు, అంగుళాల్లో). 2018లో ఆఫీసు పని మీద డాలస్ వెళ్లినప్పుడు మొదటిసారి మాగ్నమ్ పట్టాను. టార్గెట్ ఏడు గజాల దూరంలోనే ఉంది. ఆరు తూటాల్లో నాలుగు కింద ఎడమవైపు పడ్డాయి, రెండు కాగితానికే తగల్లేదు.

అక్కడి రేంజ్ ఆఫీసర్ రివాల్వర్ తీసుకుని, తూటాలు నింపే గుండ్రటి సిలిండర్ తెరిచి, కొన్ని గదుల్లో తూటాలు, కొన్నిట్లో పేలిపోయిన ఖాళీ తొడుగులు పెట్టి, ఏది ఎక్కడుందో చెప్పకుండా మూసి ఇచ్చాడు. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే టక్ మని శబ్దం మాత్రమే వచ్చింది. ఏమీ పేలలేదు. అయినా బ్యారెల్ రెండంగుళాలు కిందికి వంగింది. వంచింది నా చెయ్యే. దెబ్బ రాకముందే దాన్ని ఆపబోయి గురి పాడు చేసుకుంటున్నానని అప్పుడు అర్థమైంది.

మందు అంటుకున్నాక తూటా బ్యారెల్ దాటడానికి సెకనులో వెయ్యో వంతు చాలు. మన చెయ్యి స్పందించడానికి అంతకు వంద రెట్లు పైనే పడుతుంది. అంటే తుపాకీ పైకి లేవడం మీ కంటికి కనిపించేసరికి తూటా వెళ్లిపోయింది. లేవనివ్వండి. ప్రతిసారీ ఒకే పట్టుతో, ఒకేలా లేస్తే చాలు.

అలాగని కిక్ చిన్నదని కాదు. .22 తూటా 2.6 గ్రాములైతే మాగ్నమ్‌ది సాధారణంగా 15.6 గ్రాములు, వేగం కూడా ఎక్కువే. తుపాకీ ఎంత బరువుంటే అంత నయం. మన కాన్పూర్‌లో 2014లో వచ్చిన నిర్భీక్ రివాల్వర్ .32వే, కానీ బరువు అరకేజీనే. అంత తేలికైన దానిలో అదే తూటా బరువైన పిస్టల్‌లో కన్నా గట్టిగా తన్నుతుంది. బావగారిది పొడుగు బ్యారెల్ రివాల్వర్ అయితే అదృష్టమే.

ఎయిర్ పిస్టల్ వల్ల మీకు ఒంటిచేతి అలవాటు ఉంటుంది. దాన్ని ఇక్కడే వదిలేయండి. పిడిని వీలైనంత పైన, రెండు చేతులతో పట్టుకోండి. మణికట్టు బిగువుగా, మోచేతులు కొంచెం మడిచి, ఒళ్లు కాస్త ముందుకు వంచి నిలబడండి. వెనక్కి వాలితే మొదటి దెబ్బకే కాళ్లు తడబడతాయి. ముఖ్యంగా, ఎడమ బొటనవేలు సిలిండర్ ముందుకు వెళ్లకూడదు. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి చిమ్మే వాయువు చర్మాన్ని చీల్చేస్తుంది. ఈ విషయం బావగారికి తెలిసే ఉంటుంది, అయినా మీరే అడిగి చూపించుకోండి.

మొదటి రోజు .44 స్పెషల్ తూటాలు తెమ్మనండి. అవి అదే సిలిండర్‌లో పడతాయి, కిక్ చాలా తక్కువ. ఒకసారికి ఒక్క తూటానే వేయండి. తుపాకీ వెనక ఉండే సుత్తిని (హ్యామర్) ముందే వెనక్కి లాగి కాల్చండి. అప్పటికీ ట్రిగ్గర్ మీ ఎయిర్ పిస్టల్ కన్నా మూడు నాలుగు రెట్లు బరువనిపిస్తుంది. చెవుల్లో ప్లగ్‌లు, వాటి మీద చెవులు కప్పే మఫ్‌లు, రెండూ పెట్టుకోండి. ఉలిక్కిపడటంలో సగానికి పైగా ఆ శబ్దం పనే అని నా అనుభవం. అరచెయ్యి మంటెక్కగానే ఆ రోజుకి ఆపేయండి.

ఇంకో మాట. వీసా మీద వెళ్లినవాళ్లు తుపాకీ పట్టాలంటే అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా అక్కడి ఏదో ఒక రాష్ట్రపు వేట లైసెన్స్ ఉండాలి. నేను అది ఆన్‌లైన్‌లో కొన్నాకే రేంజ్ గడప తొక్కాను. మీరూ ముందే తీసుకోండి.

వెళ్లేలోపు రోజూ పది నిమిషాలు మీ ఎయిర్ పిస్టల్‌ని డ్రై ఫైర్‌లో (ఏమీ పేలకుండా ట్రిగ్గర్ మాత్రమే పనిచేసేలా) పెట్టి, ఖాళీ గోడ వైపు గురిపెట్టి నొక్కండి. బ్యారెల్ కొసన ఉండే ఫ్రంట్ సైట్ (గురి చూసే ముక్క) కదలకుండా ట్రిగ్గర్ పడుతోందా లేదా, అదొక్కటే చూడండి.