ఫ్రాన్సులో సైకిల్ మీద తిరిగేవాళ్ళకి అక్కడి బ్రెడ్ ఆగుతుందా? మంచిది ఎలా పోల్చుకోవాలి?

వచ్చే వేసవిలో ఫ్రాన్సు వాయవ్యాన ఉన్న బ్రిటనీ ప్రాంతంలో వారం రోజులు సైకిల్ తొక్కబోతున్నానని రాశారు. ఫ్రెంచి బ్రెడ్ కట్టెలా ఉంటుందని, దవడలు నొప్పెడతాయని ఎవరో భయపెట్టారట. అన్నం తినే ఒంటికి అది ఆగుతుందా అని మీ సందేహం. ఆగుతుందండీ. కాకపోతే ఏ కొట్లోకి వెళ్ళి ఏది అడిగారన్నదాని మీదే అంతా ఉంది.

ఉద్యోగరీత్యా నేను రెండేళ్ళు నాంత్‌లో ఉన్నాను. ఆ నగరం నుంచి బ్రిటనీ పడమటి కొసన ఉన్న బ్రెస్ట్ రేవు వైపు 360 కిలోమీటర్లకు పైగా సాగే పాత పడవల కాలవ ఒకటుంది. 1842లో పూర్తయింది. దాని గట్టు మీద సైకిల్ దారి. గోదావరి కాలవల పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి ఆ గట్టు చూడగానే ప్రాణం లేచొచ్చింది. సెప్టెంబరులో ఆరు రోజులు, రోజుకి అరవై కిలోమీటర్ల చొప్పున తొక్కాను. ఆ ఆరు రోజులూ నా ముఖ్య భోజనం బ్రెడ్డే.

మూడో రోజు సోమవారం. పొద్దున్నే కాఫీ మాత్రం తాగి బయల్దేరాను, దారిలో ఏదో ఊళ్ళో కొనుక్కోవచ్చు కదా అని. మొదటి ఊళ్ళో బ్రెడ్ కొట్టుకి వారపు సెలవు. రెండో ఊరు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది, నాలుగింటిదాకా తలుపు తియ్యరు. ఇంకో పది కిలోమీటర్లు పోయేసరికి శోష వచ్చింది. కాళ్ళలో బలం లేదు, చేతులు వణుకుతున్నాయి. ఫ్రెంచి సైక్లిస్టులు దీన్ని ఫ్రాంగాల్ అంటారు. ఒక లాకు దగ్గర గట్టున కూలబడి సంచి వెతికితే నిన్నటి బ్రెడ్ సగం ముక్క దొరికింది. గట్టిపడిపోయింది. తుంచి నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలాను. నమిలేకొద్దీ తియ్యదనం, వెనకాలే సన్నటి పులుపు, వేయించిన గింజల వాసన. ఒక రోజు నిలవున్న ముక్కలో ఇంత రుచి ఉందా అనిపించింది. అరగంటలో లేచి మళ్ళీ తొక్కాను.

ఆ ముక్క అంతకుముందు రోజు మాలెత్రువా ఊళ్ళో కొన్న 'త్రదిస్యోఁ', అంటే సంప్రదాయ పద్ధతిలో చేసిన బాగెట్ (కర్రలా పొడుగ్గా ఉండే బ్రెడ్). ఈ పేరు గుర్తుపెట్టుకోండి. 1993 సెప్టెంబరు 13 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఆ పేరుతో అమ్మేదాంట్లో గోధుమపిండి, నీళ్ళు, ఉప్పు, పులియబెట్టడానికి ఈస్టు లేదా పులిసిన పిండి మాత్రమే ఉండాలి. చిక్కుడు జాతి గింజల పిండిలాంటివి ఒకటి రెండు అతి కొద్దిగా కలపొచ్చు. రసాయనాలు వెయ్యకూడదు, తయారీలో ఎక్కడా గడ్డకట్టించి నిలవ చెయ్యకూడదు. మామూలు బాగెట్‌కి ఇంత కట్టుదిట్టం లేదు.

మన దోశ పిండితో పోల్చి చెప్తాను. రాత్రంతా పులిసిన పిండితో వేసిన దోశకీ, అప్పటికప్పుడు సోడా వేసి పొంగించిన దోశకీ తేడా మీకు నేను చెప్పక్కర్లేదు. బ్రెడ్ కథా అంతే. 1950ల తరవాత అక్కడి బేకరీలు యంత్రాల్లో పిండిని వేగంగా, చాలాసేపు పిసకడం మొదలుపెట్టాయి. గాలి ఎక్కువ తగిలి పిండిలోని లేత పసుపు పోయి తెల్లబడింది. దాంతోపాటు రుచీ పోయింది. రేమోఁ కాల్వెల్ అనే బేకింగ్ అధ్యాపకుడు దీని మీద జీవితమంతా పోరాడాడు. పిండీ నీళ్ళూ మాత్రమే కలిపి కాసేపు నాననిచ్చి, తరవాత ఉప్పూ ఈస్టూ వేస్తే తక్కువ పిసుకుడుతోనే పిండి సాగుతుందని చూపించాడు. చపాతీ పిండి నానబెట్టే మన ఇళ్ళల్లో ఇది కొత్త సంగతేం కాదు. ఇప్పుడు మంచి బేకర్లు ఆ ముద్దని చాలా గంటలు, తరచు రాత్రంతా చల్లటి చోట పులియనిస్తారు. నా నిన్నటి ముక్కలో మిగిలిన రుచి ఆ గంటలదే.

కొట్టు ముందు బోర్డు మీద 'బులాంజరి' (బ్రెడ్ కొట్టు) అని ఉందో లేదో చూడండి. పిండి కలిపి, మలిచి, కాల్చడం అన్నీ అక్కడే చేసేవాళ్ళే ఆ పేరు పెట్టుకోవాలని 1998 మే 25 నాటి చట్టం. లోపలికెళ్ళాక ముందు 'బోఁజూర్' (నమస్కారం) అనండి, అది చెప్పకుండా ఏదీ అడక్కండి. బ్రెడ్ చేతికొచ్చాక తిరగేసి చూడండి. అడుగున వరసగా చుక్కలుంటే వలలాంటి రేకు మీద కాల్చినది, నాకు నచ్చదు. సాఫీగా, కాస్త పిండి అంటుకుని ఉంటే పొయ్యి రాతి మీద కాల్చినట్టు. పైన బ్లేడుతో పెట్టిన గాట్లు విచ్చుకుని అంచు లేచి ఉండాలి. కొంచెం నొక్కితే చిటపటమనాలి. తుంచితే లోపల మీగడ రంగు, చిన్నాపెద్దా కలగలిసిన గాలి బొక్కలు కనిపించాలి. దూదిలా తెల్లగా ఒకే తీరున ఉంటే మళ్ళీ ఆ కొట్టుకి వెళ్ళకండి. దవడల భయం ఉంటే 'పా త్రో క్విత్' అనండి, మరీ కాల్చనిది ఇస్తారు. నేనైతే బాగా ఎర్రగా కాలిందే అడుగుతాను. రుచి సగం ఆ పై పెచ్చులోనే ఉంది.

పావు కిలో బరువుండే ఒక్క బాగెట్‌లో సుమారు 140 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. చెమటలో పోయిన ఉప్పు కూడా కొంత తిరిగొస్తుంది. కాగితం సంచిలోనే ఉంచి, చివర బయటికి వచ్చేట్టు క్యారియర్ మీది సంచిలో నిలబెట్టండి. ప్లాస్టిక్ చుడితే గంటలో పెచ్చు మెత్తబడిపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా ఎండిపోతుంది.

శాకాహారులైనా ఇబ్బంది లేదు. బ్రిటనీలో ఉప్పు వేసిన వెన్న దొరుకుతుంది. రాజుల కాలంలో ఫ్రాన్సులో ఉప్పు మీద పెద్ద పన్ను ఉండేది, బ్రిటనీకి మాత్రం మినహాయింపు. అందుకే అక్కడివాళ్ళు వెన్నలో ఉప్పు ధారాళంగా వేసుకున్నారు. నేను ఇంటి నుంచి కందిపొడి పొట్లం పట్టుకెళ్ళాను. ఆ వెన్న దట్టంగా రాసి పైన కందిపొడి చల్లి తింటే ఎంత బాగుంటుందో! జోస్లాఁ కోట ఎదురుగా కాలవ గట్టున కూర్చుని తిన్న ఆ ముక్క నాకిప్పటికీ నోట్లో ఉన్నట్టే ఉంటుంది.

బ్రెస్ట్ దాకా వెళ్తే పారీ-బ్రెస్ట్ అనే మిఠాయి కూడా తినండి. 1891లో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ సైకిల్ పందెం పేరు మీద 1910లో లూయీ దురాఁ అనే ఆయన చక్రం ఆకారంలో చేశాడు.

సోమవారానికి మాత్రం ఆదివారం పొద్దున్నే కొని పెట్టుకోండి. మిగతా రోజుల్లో సాయంత్రం నాలుగూ ఐదింటి మధ్య చాలాచోట్ల రెండో వాయి దిగుతుంది. అప్పుడెళ్ళి 'దూ త్రదిస్యోఁ, సిల్ వూ ప్లే' అనండి, అంటే 'రెండు త్రదిస్యోఁలు ఇవ్వండి, దయచేసి' అని. రెండు అడగమన్నది ఎందుకంటే, వేడివేడిది చేతికొస్తే బస చేరేలోపు ఒకటి అయిపోతుంది.